రెండు డబ్బాల గంగ

తిరుపతి,
24-5-1982

చిరంజీవి తమ్ముడు ధనంజయకు అక్క మునిరత్నమ్మ దీవెనలు. దీవెనలంటే నీకు ఒళ్ళు మంటని తెలుసు. అయినా రాస్తా ఉండాను, చెయ్యి ఊరుకోదు.

నిన్న పొద్దున బస్సు తిరుపతి చేరింది. ప్రయాగ, కాశీ, గయ అన్నీ అయినాయి. మీ బావ అస్థికలు గంగలో కలిపినాను. ఇరవయ్యారు రోజులు, నలభై రెండు మందిమి. ఇప్పటికీ నా కాళ్ళు నేల మీద నిలవడం లేదు. పొయ్యి ముందర కూచున్నా బస్సు కుదుపే. కళ్ళు మూస్తే కిటికీలో చెట్లు వెనక్కి పోతానే ఉంటాయి. ఒక కుండలో అన్నం తిన్నాము, ఒకరి తల ఇంకొకరు దువ్వినాము. దిగిన అరగంటలో ఎవురికెవురమూ కాకుండా పోయినాము.

దిగేటప్పుడు జరిగింది రాయాల. సత్రం ముందర బంధువులంతా మేళం పెట్టించి, పూలమాలలు పట్టుకోని నిలబడి ఉండారు. యాత్ర జరిపించిన పరంధామయ్య బస్సుపైన సొంతంగా రెండు కిరసనాయిలు డబ్బాలు పెట్టుకోనుండె. కడిగించి, కాశీలో గంగనీళ్ళు నింపించి, మూతులకు సీసం పోయించినవి. ఈడ ఉద్ధరిణె ఉద్ధరిణె అమ్ముకునేదానికి. టార్పాలిన్ తీసి చూస్తే రెండూ ఖాళీ. పక్కన బొక్కలు. పరంధామయ్య నేరుగా పోయి డ్రైవరు చెంప పగలగొట్టినాడు.

"ఏమిరా, గంగను తీసి బండికి పోసినావా? నువ్వు ముట్టుకునే నీళ్ళారా అవి?" అన్నాడు.

"దోవలో బండి ఉడికిపోయింది సామీ. బండిలో ఉండే ఆ ముసలామె సుబ్బులమ్మ ప్రాణం పోతా ఉండె. నీళ్ళు కావల్సి వచ్చినాయి" అన్నాడు డ్రైవరు. అంతే. తల దించుకున్నాడు. మేము మాలలు వేసుకోని చూస్తా నిలబడినాము. మేళం వాళ్ళు ఆపాలనో వాయించాలనో తెలియక వాయిస్తానే ఉండారు.

సరే. జూన్ ఇరవై, ఆదివారం, మా ఇంట్లో సమారాధన. కాశీకి పోయొచ్చినోళ్ళు గంగచెంబుకు పూజ చేసి, సీలు విప్పి, తీర్థం పంచి, పదిమందికి అన్నం పెట్టాల కదా. బస్సులో వచ్చినోళ్ళనంతా పిలిచినాను. నువ్వు రావని తెలుసు. పిలవకపోతే అదొక తప్పు.

నీ అక్క
మునిరత్నం

---

చిత్తూరు,
27-5-1982

అక్కా,

దీవెనలు ఇదే టపాలో వాపసు. నాకు వాటితో పనిలేదు, నీ సమారాధనలో ఎవరికైనా పంచిపెట్టు.

నీ ఉత్తరంలో ఊళ్ళ పేర్లు దాటేశాను. కాశీ సంగతి నాకెందుకు? అక్కడ పాపాలు పోతాయంటే, ఇన్ని వందల ఏళ్ళుగా పోతున్నవాళ్ళ పాపాలన్నీ పోయి ఈ దేశం ఈపాటికి తెల్లగా మెరుస్తుండాలి. ఆ మెరుపు ఆ సత్రం ముందు చూశావు గదా! ఇరవయ్యారు రోజులు నలభై రెండు ప్రాణాలను తన రెండు చేతుల మీద మోసినవాడి చెంప పగిలితే, పుణ్యం మూటగట్టుకొచ్చిన ఒక్కరికీ నోరు పెగల్లేదు. తల దించుకున్నది అతనని రాశావు. దించుకోవలసినవాళ్ళు పూలమాలలు వేసుకుని నిలబడ్డారు. వాళ్ళలో నువ్వూ ఒకతివి అక్కా. నీ నోట్లో నాలుక ఏమయింది? నాతో వాదించేటప్పుడు మూరెడు ఉంటుందే!

కానీ నీ ఉత్తరం చదివి లేచి గదంతా నాలుగుసార్లు తిరిగాను. గంగను రేడియేటర్లో పోశాడు! మేము నాస్తికులం పదిహేనేళ్ళుగా మీటింగుల్లో గొంతు చించుకుని చెబుతున్నదాన్ని ఒక డ్రైవరు ఒక్క మాట లేకుండా చేసి చూపించాడు. ఎవరతను? పేరేమిటి? ఏ ఊరు? ఏ కులమో రాయకపోయినా, "నువ్వు ముట్టుకునే నీళ్ళారా" అన్న మాటే చెబుతోంది. వెంటనే రాయి. మా పత్రిక 'నిలదీత' జూన్ సంచికకు రెండు పేజీలు ఖాళీ పెట్టించాను.

నీ తమ్ముడు
ధనంజయ

---

తిరుపతి,
31-5-1982

తమ్ముడూ,

నాలుక గురించి నువ్వు రాసింది చదివినాను. ఆ సంగతి ఇంగోసారి.

అతని పేరు వెంకటముని. పలమనేరు పక్క పల్లె, హరిజనవాడ. నలభై ఐదేళ్ళుంటాయి. ఆ దినం ఏం జరిగిందో చెప్తాను, విను. జబల్‌పూర్ దాటినాక అడివి. మిట్టమధ్యాన్నం, మే ఎండ. బస్సు ముందర రబ్బరు గొట్టం పగిలి ఉన్న నీళ్ళంతా ఆవిరై పోయినాయి. తాగే నీళ్ళ పీపా పొద్దుననే అయిపోయుండె. మా సుబ్బులమ్మకు ఎండదెబ్బ తగిలి కళ్ళు తేలేసింది. పరంధామయ్య మగోళ్ళను కొందరిని తీసుకోని లారీ ఎక్కి నీళ్ళు తెస్తానని పోయినాడు. రెండు గంటలైనా రాలేదు. మిగిలినోళ్ళు దూరంగా చెట్ల కింద ఎండకు సొలసి పడుండారు. వెంకటముని పాత ట్యూబు కోసి గొట్టానికి కట్టినాడు. "బండి తయారమ్మా, నీళ్ళుంటే అరగంటలో ఆస్పత్రికి చేరుస్తాను" అన్నాడు. ఆ నీళ్ళు దొరికినాయి. బండి కదిలింది. సుబ్బులమ్మ బతికింది. ఊరు చేరినాక పరంధామయ్య అడిగితే, "ఒక లారీ ఆయన పోసిపోయినాడు సామీ" అని అబద్ధం చెప్పినాడు. ఇంతకుమించి అడగద్దు.

బస్సు యజమాని చిత్తూరులోనే ఉండేది. మంచోడే. "పది దినాలు ఊరికే ఉండు, పరంధామయ్య కోపం ఆరినాక మళ్ళీ స్టీరింగు పట్టుదువులే" అన్నాడంట. వెంకటముని నిన్న మా ఇంటికొచ్చి గేటు కాడనే నిలబడి ఈ మాట చెప్పి, "నువ్వేం మాట్లాడద్దమ్మా, పది దినాలే కదా" అని పోయినాడు. కాఫీ ఇస్తే కూడా తాగలేదు.

అందుకే చెప్తా ఉండాను. పత్రికలో రాయద్దు. గమ్మునుంటే ఆయప్ప పని ఆయప్పకు వస్తుంది.

నీ అక్క
మునిరత్నం

---

చిత్తూరు,
5-6-1982

అక్కా,

నీ ఉత్తరం వచ్చేసరికి మొదటి పేజీ అచ్చయిపోయింది. పేరూ ఊరూ మాత్రం రెండో పేజీలో చేర్చాను. రాయవద్దన్నావు. గమ్మునుండడం వల్లనే గదా ఈ దేశంలో చెంపలు పగిలేది! యజమాని దయతలచి పది రోజులకు పని ఇస్తాడట, దానికి మనం నోరు మూసుకోవాలట. అది దయ కాదు అక్కా, బానిసకు పెట్టే గడువు.

సంచిక ఇందులో పెట్టాను. 'రేడియేటర్లో గంగ' చదువు. "నలభై రెండు మంది భక్తులు నోళ్ళు తెరుచుకుని చూస్తుండగా వెంకటముని ఆ డబ్బాలను దించి, 'ఇవి ఒట్టి నీళ్ళే! మీ మోక్షం కన్నా నా ఇంజను గొప్పది!' అని గర్జించి రేడియేటర్లో కుమ్మరించాడు" అన్నచోట ఇక్కడి మిత్రులు చప్పట్లు కొట్టారు. మామూలుగా మూడు వందల కాపీలు వేస్తాం, ఈసారి ఐదు వందలు వేశాను. తిరుపతిలో బస్టాండు దగ్గర కూడా పంచడానికి పంపాను. పరంధామయ్య ఇంటికి ఒకటి నా చేతులతో పోస్టు చేశాను. చదివి ఏడవనీ!

వెంకటమునికి ఒక కాపీ ఇవ్వు. తనెంత పని చేశాడో అతనికే తెలియదు.

నీ తమ్ముడు
ధనంజయ

---

తిరుపతి,
9-6-1982

ధనంజయా,

ఇచ్చినాను. నీ కాపీ వెంకటమునికి ఇచ్చినాను. ఆయప్పకు చదువు రాదు. నన్నే చదవమన్నాడు. చదివినాను. మొత్తం విన్నాక ఒకటే అడిగినాడు. "ఈ మాటలు నేనెప్పుడన్నానమ్మా?"

అప్పుడు నేనేం చెప్పాల, చెప్పు? నువ్వు పత్రికలు రాసేవాడివి, మాటలు తెలిసినవాడివి, చెప్పు.

నువ్వు పోస్టు చేసిన కాపీని పరంధామయ్య జేబులో పెట్టుకోని చిత్తూరుకు పోయి యజమాని బల్లపైన పరిచినాడు. "చూడు, నీ డ్రైవరు మతాన్ని తిట్టి గంగను పారబోసినాడు, అచ్చులోనే ఉండాది" అన్నాడు. యజమాని ఏం చేస్తాడు? ఆయన బస్సులు నడిచేదే యాత్రలతో. వెంకటమునిని పనిలో నుంచి తీసేసినాడు. తన కాడ పెట్టుకున్న వెంకటముని లైసెన్సు కూడా ఇవ్వలేదు. చిత్తూరులో, తిరుపతిలో ఏ బస్సోళ్ళూ రానీడం లేదు. పది దినాల్లో పోయేదాన్ని నువ్వు పదేళ్ళు చేసినావు. నువ్వాడిన మాటలకు వాడి పొట్ట కొట్టినారు. నీకేమో చప్పట్లు.

ఇంగ విను. వెంకటముని ఆ డబ్బాలను ముట్టుకోనే లేదు.

పోసింది నేను.

"పైన రెండు డబ్బాలుండాయి, దించప్పా" అని నేనే అన్నాను. "వద్దమ్మా. నా చెయ్యి పడితే రేపు అది గంగ కాదంటారు. ప్రాణం పోయినా ఒప్పుకోరు" అన్నాడు. ఆడ సుబ్బులమ్మకు ఎగశ్వాస. నేనే కొంగు బిగించి, వెనక నిచ్చెన ఎక్కినాను. యాభై నాలుగేళ్ళ ముండమోపిని, బస్సుపైన! ఆయప్ప స్క్రూడ్రైవరు విసిరినాడు. రాయితో కొట్టి బొక్క పెట్టినాను. కింద నుంచి తాడు కట్టిన బకెట్టు ఇచ్చినాడు, నేను వంచి నింపినాను. ఒక డబ్బా బండికి. రెండోది సుబ్బులమ్మ తలకు, నోటికి. దిగినాక, "ఎవురైనా అడిగితే నేను చెప్తాను, నువ్వు భయపడద్దు" అని వాడికి మాటిచ్చినాను.

సత్రం ముందర నోరు రాలేదు. పరంధామయ్య చెయ్యెత్తినప్పుడు కూడా రాలేదు. మెడలో మాల ఉండె. పక్కన మీ బావ తమ్ముళ్ళుండిరి. గంగకు బొక్క కొట్టిన ఆడదాని చేతి పిండాలు యాడ ముట్టినాయంటారేమో, మీ బావకు పుణ్యం పోతుందేమో అని భయపడినాను. నాలుక ఏమయిందని అడిగినావే, అది అయింది.

నేను నోరు మూసి తప్పు చేసినాను. నువ్వు నోరు తెరిచి చేసినావు. మన ఇద్దరి మధ్యన వాడు నలిగిపోయినాడు.

మునిరత్నం

---

చిత్తూరు,
12-6-1982

అక్కా,

మూడుసార్లు ఈ ఉత్తరం మొదలుపెట్టి చించేశాను.

తప్పు జరిగింది. వాక్యాలు నావి. ఒప్పుకుంటున్నాను. కానీ పూర్తిగా నా తల మీద పెట్టకు. నువ్వు మొదటి ఉత్తరంలోనే నిజం రాసి ఉంటే నేను అలా రాసేవాణ్ణా? "ఆ నీళ్ళు దొరికినాయి" అంటావు. ఎక్కడ దొరికాయి? ఆకాశం నుంచా? దాచినదానిలో ఖాళీలుంటాయి. ఖాళీని చూస్తే నాలాంటివాడు నింపుతాడు.

ఇంకొకటి అడగాలి. నీకు కోపం వచ్చినా అడుగుతాను. నీ దగ్గర కూడా సీలు వేసిన గంగచెంబు ఉంది. సుబ్బులమ్మకు ఎగశ్వాస వస్తుంటే, చేతికి అందే నీ చెంబు వదిలి, నిచ్చెనెక్కి పరంధామయ్య డబ్బాలకే ఎందుకు బొక్క పెట్టావు? రేడియేటరుకు చెంబెడు చాలదు, సరే. ఆమె నోటికి చాలదా?

ఇప్పుడు చేయవలసింది చెబుతాను. జూలై సంచికలో మళ్ళీ రాస్తాను. ఈసారి అసలు నాయకురాలివి నువ్వు. ఒక వితంతువు బస్సెక్కి గంగకు బొక్క కొట్టింది! దీనికి ఉన్న బలం దానికి లేదు. లైసెన్సు సంగతి వకీలుతో మాట్లాడుతున్నాను. నోటీసు ఇప్పిస్తాను.

సమారాధనకు మాత్రం నన్ను పిలవకు. చెంబును పీట మీద పెట్టి హారతి పట్టే ఇంట్లో నేను కాలు పెట్టను. అమ్మ దినానికే రాలేదు నేను. ఆ నియమం ఇప్పుడు తప్పితే రేపు మీటింగులో ఏ మొహంతో మాట్లాడతాను?

ధనంజయ

---

తిరుపతి,
15-6-1982

తమ్ముడూ,

మంచి ప్రశ్న అడిగినావు. బదులు చెప్తాను.

నా చెంబు మీ బావ కోసరం తెచ్చింది. దాన్ని తెరవాలనుకుంటే చెయ్యి రాలేదు. డబ్బాలు పరాయి గంగ. అందుకే చెయ్యి లేచింది. ఇది ఇంతవరకూ నాకు నేను కూడా చెప్పుకోలేదు. నువ్వు పొడిచినాక బయటికొచ్చింది. నీ కలానికి ఆ పదును ఉండాది, కాదనను. ఎవురి మీద పెడతా ఉండావనేదే చూసుకోవు.

నన్ను నాయకురాలిని చేయద్దు. వాడిని చేసింది చాలు. జూలై సంచికలో నా తొమ్మిదో తేదీ ఉత్తరం వెయ్యి. ఉన్నదున్నట్టు. నువ్వు ఒక్క మాట కలపద్దు, ఒక్క మాట తీయద్దు. నిన్ను తిట్టిందీ వెయ్యి. వకీలు నోటీసు వద్దు. నోటీసు ఇస్తే ఆ లైసెన్సు కోర్టులో నాలుగేళ్ళు ముక్కిపోతుంది.

ఆదివారం అందరి ముందరా నేను చెప్తాను. వెంకటమునిని పిలిచినాను. రానన్నాడు. మూడుసార్లు వాళ్ళ పల్లెకు పోయినాను. మూడోసారి వాళ్ళ పెండ్లాము, "పో, ఆయమ్మ ఇంత దూరం వస్తా ఉంటే" అని తోసింది. బంతిలో కూచుంటాడు, నా పక్క ఆకులో. చెంబు సీలు వాడే విప్పుతాడు.

నీ మాటలు అబద్ధమని నువ్వు చెప్పాల. నేను చెప్తే నమ్మరు, తమ్ముణ్ణి కాపాడతా ఉందంటారు. నీ నియమం గొప్పదే. ఒక హరిజనుడి కూడు పోయినా చెడకుండా ఉండేంత గొప్పదేమో నువ్వే చూసుకో.

నేను ఇంగ రాయను.

అక్క

---

చిత్తూరు,
24-6-1982

అక్కా,

ఆదివారం నువ్వు లోపల ఉన్నావు, వీధిలో జరిగింది నీకు తెలియదు. అందుకు రాస్తున్నాను.

రాకూడదనే అనుకున్నాను. శనివారం దాకా అదే మాట. ఆదివారం పొద్దున బస్సెక్కాక కూడా చంద్రగిరిలో దిగిపోదామనుకున్నాను. మీ వీధి మొదట్లో సోడా అంగడి ముందు నిలబడిపోయాను. జేబులో నాలుగు పేజీల ఉపన్యాసం. అది లేకుండా నేను ఎక్కడికీ వెళ్ళను, నీకు తెలుసు.

కాసేపటికి మీ ఇంట్లో నుంచి జనం రావడం మొదలుపెట్టారు. ముగ్గురు, ఐదుగురు, తర్వాత గుంపుగా. మీ మరుదులు చెప్పులు కూడా సరిగ్గా వేసుకోలేదు. "ఆకులేసినాక లేవగొట్టింది చూడప్పా" అంటున్నాడొకడు. పరంధామయ్య అందరికన్నా ముందు పోయాడు. అప్పుడు తెలిసింది, నువ్వు చెప్పేశావని.

చివర్లో ఒక ముసలామె నా పక్కన వచ్చి అరుగు మీద కూలబడింది. నేనెవరో ఆమెకు తెలియదు. "ఆ డ్రైవరు చేత సీలు విప్పించి, వాడి చేతి తీర్థం తాగమంటా ఉండాది ఆయమ్మ. అడివిలో నా ప్రాణం కాపాడినాడు, నిజమే. అయినా ఎట్ల తాగేది నాయనా? నా కొడుకులు ఒప్పుకుంటారా?" అంది. సుబ్బులమ్మ! నా ఒళ్ళంతా భగ్గుమంది. ఇలాంటివాళ్ళ కోసమే ఆ నాలుగు పేజీలు. చేయి జేబులోకి పోయింది కూడా. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మీ గడప వైపే చూస్తోంది. సత్రం ముందు నువ్వు కూడా ఇలాగే మరుదులకు భయపడి నిలబడి ఉంటావు గదా అనిపించింది.

"అడవిలో అతని బకెట్టు నీళ్ళు ఒకసారి తాగారు కదమ్మా" అన్నాను. అంతే అన్నాను.

ఆమె నా వంక చూసి తల తిప్పుకుంది. పోలేదు, లోపలికీ రాలేదు. నేను మీ గడప దాటేటప్పుడు వెనక్కి చూస్తే ఇంకా అరుగు మీదే ఉంది.

లోపల జరిగింది నీకు తెలుసు. నలభై ఆకుల్లో తొమ్మిదింటి ముందు మనుషులున్నారు. "పత్రికలో రాసిన మాటలు నావి. ఈయన అనలేదు. నేను అబద్ధం రాశాను" అన్నాను. నాలుగు పేజీలు మూడు వాక్యాలయ్యాయి. కూర్చున్నాక వెంకటముని ఏమన్నాడో నువ్వు వడ్డిస్తూ వినలేదు. "సార్, నేను అంత గట్టిగా అరిచే మనిషిలాగా కనపడతానా?" అన్నాడు. నవ్వుతున్నాడో లేదో తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

మంగళవారం ఆ తొమ్మిది మంది సంతకాలతో నేనూ అతనూ యజమాని దగ్గరికి వెళ్ళాం. మాట్లాడింది అతను. నేను పక్కన బెంచీ మీద కూర్చున్నాను. మధ్యలో రెండుసార్లు నోరు తెరవబోతే నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కాడు. యజమాని నా పత్రికను డ్రాయరులోంచి తీసి, "ఇది నువ్వు రాసిందేనా?" అని అడిగాడు. అవునన్నాను. లైసెన్సు ఇచ్చాడు. బస్సు ఇవ్వలేదు. "యాత్రోళ్ళు ఎక్కరప్పా, నేనేం చేసేది?" అన్నాడు. ఇక్కడ బెల్లం మండీలో లారీ ఒకటి చూశాడు వెంకటముని. వచ్చే వారం నాగపూర్ లోడు. మళ్ళీ ఆ దారే. యజమానిని నేను క్షమించలేదు, పరంధామయ్యను అసలే క్షమించను, అది వేరే సంగతి.

నీ ఉత్తరం నిన్న నేనే కంపోజు చేశాను. నన్ను తిట్టిన చోట అక్షరాలు ఏరడానికి చాలా సేపు పట్టింది. ఒక్క మాట మార్చలేదు.

చివరిగా ఒకటి. ఆదివారం వెంకటముని స్క్రూడ్రైవరుతో చెంబు మూతికి ఉన్న సీసం లేపి, ఉద్ధరిణెతో ఒక్కొక్కరికీ పోస్తూ నా దగ్గరికి వచ్చాడు. "మీకు వద్దు కదా సార్" అని పక్క ఆకుకు జరగబోయాడు. నేను చెయ్యి చాపాను. నువ్వు చూశావు. చూసి మొహం తిప్పుకున్నావు, అది కూడా నేను చూశాను.

ఎక్కువ ఊహించుకోకు. అవి ఒట్టి నీళ్ళే. ఈ మాట మీద రేపైనా నీతో పోట్లాటకు సిద్ధం. కాస్త రాగి వాసన, కాస్త గ్రీజు వాసన. అతను పోసిన మూడుసార్లూ తాగాను.

నీ తమ్ముడు
ధనంజయ